తెలగపిండికి నల్లపెట్ట సాక్ష్యం

తెలగపిండి కూర మొదలుపెట్టిన నాలుగో రోజుకి నాకు పాలు బాగా పడ్డాయి. తెల్లారేసరికి నైటీ ముందంతా తడిసిపోయింది. నేను వంటింట్లోకి పరిగెత్తి, పొయ్యి దగ్గరున్న మా అత్తగారికి ఆ తడి చూపించి, "అత్తయ్యా, చూడండి!" అని చిన్నపిల్లలా గెంతాను.

ఆవిడ తల తిప్పకుండానే, "మరేంటనుకున్నావు? నేను ముగ్గుర్ని పెంచింది దీంతోనే" అని, పోపులో ఇంకో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేశారు.

మా పాపకి అప్పుడు నాలుగో నెల. మూడో నెలలో తూకం చూసిన డాక్టరుగారు, "ఈసారి కొంచెం తక్కువ పెరిగింది, పాలు సరిపోతున్నాయో లేదో చూసుకోండమ్మా" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నేను మాత్రం ఆ మాటని ఇంటికి మోసుకొచ్చి, మూడు వారాలు పక్కలో పెట్టుకుని పడుకున్నాను. పాప నిద్రలో కదిలినా ఆకలేమో, కదలకపోయినా నీరసమేమో అనుకునేదాన్ని. అది చూడలేక అత్తగారు గానుగ దగ్గరికి వెళ్ళి తెలగపిండి తెచ్చారు.

నువ్వుల్ని గానుగాడి నూనె తీశాక మిగిలే చెక్కే తెలగపిండి. మా కొవ్వూరు వైపు బాలింతకి పాలు తక్కువంటే ఎవరింట్లోనైనా ముందు దాని పేరే ఎత్తుతారు. మరుగుతున్న నీళ్ళలో ఆ చెక్కని దంచిన పొడి చల్లి, ఉప్పూ పసుపూ వేసి, పొడిపొడిగా ఉడికించి వెల్లుల్లి పోపు పెడతారు. మునగాకు దొరికితే అదీ కలుపుతారు. పాడి గేదెకీ ఇదే పెడతారు. మా ఇంట్లో గేదెకీ నాకూ ఒకే డబ్బా. "ఇంట్లో ఇద్దరు బాలింతలు, ఎవరెక్కువ ఇస్తారో చూద్దాం" అని మా ఆయన వేళాకోళమాడేవారు. ధవళేశ్వరంలో ఆయన ఆఫీసు. పొద్దున బండి మీద వంతెన దాటి వెళ్ళి, సాయంత్రం వచ్చేవారు. వచ్చీ రాగానే, "ఇవాళ గేదె గెలిచిందా, నువ్వా?" అని అడిగేవారు.

రెండు వారాలు అలా హాయిగా గడిచాయి. రోజు మార్చి రోజు ఆ కూరే. పాప నిండుగా తాగి, పాలు కారుతున్న నోటితోనే నిద్రపోయేది.

ఆ తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున అత్తగారు గేదె దగ్గర్నుంచి కేకేశారు: "అమ్మాయ్, ఆ డబ్బా ఇలా పట్రా, దీనికి చెక్క నానబెట్టాలి."

అప్పటిదాకా ఆ డబ్బా మూత నేను తియ్యలేదు. బాలింతని వంటింట్లో ముట్టుకోనిచ్చేవారు కాదు ఆవిడ. మూత తీశాను. లోపల పాలిథిన్ కవరు, కవరు లోపలి వైపు నీటి బొట్లు. తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంది. ఒక చెక్క తీసి విరిచాను. పైన నల్లగా, బాగానే ఉంది. విరిగిన చోట ఆకుపచ్చటి పొడి, దాని చుట్టూ బూడిద రంగు నూగు.

అదేంటో నాకు బాగా తెలుసు. బీఎస్సీ అయ్యాక, పెళ్ళికి ముందు, ఏడాదిన్నర నేను కోళ్ళ మేత తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. లారీల్లో వచ్చే మొక్కజొన్నా సోయా చెక్కా పొడి చేసి, వాటిలో బూజు వదిలిన విషం ఉందో లేదో చూడటమే నా పని. ఎవరివో కోళ్ళ కోసం ఏడాదిన్నర బూజు వెతికినదాన్ని, నా కంచంలో వెతకలేదు.

"అత్తయ్యా, ఇది బూజు పట్టిందండీ!"

"ఏదీ? ఓ, అదా. దులిపెయ్యి."

"అదా అంటే? మీకు ముందే తెలుసా?"

"తెలీకేం? మొదట్లోనే ఓ చెక్క మీద కాస్త కనపడింది. చూసుకోకుండా నీకు పెడతానా ఏంటి? కోళ్ళకి వేశాను. రెండు రోజులు కనిపెట్టుకుని ఉన్నాను. ఒక్కటన్నా తల వాల్చలేదు. అప్పుడే నీకు వండాను."

ఆవిడ ముఖంలో తప్పు చేసిన గుర్తు ఇసుమంత కూడా లేదు. ఉండదు కూడా. అది ఆవిడ పద్ధతి. పాతబడిన బియ్యప్పిండి గానీ, వాసన మారిన పల్లీలు గానీ, దేనిమీద అనుమానమొచ్చినా ముందు దొడ్లో కోళ్ళకి గుప్పెడు వేస్తారు. రెండు రోజులు ఆగుతారు. కోళ్ళు గింజలు ఏరుకుంటూ తిరుగుతుంటే మనమూ తినొచ్చు. వాళ్ళమ్మగారూ అంతేనట. పెళ్ళైన కొత్తలో ఇదంతా చూసి నేను ముచ్చటపడ్డాను కూడా. మా ల్యాబుకంటే చవకైన ల్యాబు అని మా ఆయనతో అన్నాను.

"గేదె కూడా తింది" అన్నారు ఆవిడ, నా ముఖం చూసి కొంచెం తగ్గి. "చెంబుడు పాలు ఎక్కువే ఇచ్చింది."

ఆ బూజు ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. గానుగ దగ్గర చెక్క వేడివేడిగా ఉండగానే కవరులో పెట్టించి, డబ్బాలో మూత బిగించి తెచ్చారట. దారిలో వాన తగలకూడదని, నాకు కమ్మదనం పోకూడదని. ఆ వేడికి లోపల చెమ్మ పట్టింది. నా మీద ప్రేమే మూతపెట్టి బూజు పట్టించింది.

లోపల పాప లేచి ఏడుస్తోంది. నేను ఎత్తుకున్నాను గానీ పాలివ్వలేదు. పాలు కారిపోతున్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఒక గ్లాసులోకి పిండి, తూములో పారబోశాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూశారు.

"పాలు పారబోస్తున్నావా? నీకు మతి పోయిందా?"

"ఇందులో విషం ఉందేమోనండీ."

"నా చేత్తో విషం పెట్టానంటావా?"

మా ఆయన ఆఫీసుకి వెళ్ళబోతున్నవారల్లా మందుల షాపుకి పరిగెత్తి డబ్బా పాలు తెచ్చారు. పాప రెండు చెంచాలు తాగి మూడోది నా మీదే ఉమ్మేసింది. పిల్లల డాక్టరు క్లినిక్కి ఫోన్ చేస్తే, డాక్టరుగారు మధ్యాహ్నం లోపల ఫోన్ చేస్తారని చెప్పారు. అప్పటిదాకా నేను ఆగలేను. మా పాత ల్యాబు మేడమ్‌కి ఫోన్ చేశాను.

మేడమ్ యాభై దాటినావిడ. పశువుల మేతల గురించి పెద్ద చదువు చదివారు. అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగే అలవాటు లేదు.

"ఎన్నాళ్ళు తిన్నావు?"

"రెండు వారాలు దాటింది మేడమ్. రోజు మార్చి రోజు."

"ఆఖరుసారి?"

"నిన్న మధ్యాహ్నం. ఉడికించాం కదా, పోదంటారా?"

"నా దగ్గర పనిచేసిన పిల్లేనా ఈ మాటడిగేది? ఉడికిస్తే బూజు చస్తుంది, అది వదిలిన విషం ఎక్కడికి పోతుంది?"

"కోళ్ళు తిన్నాయండీ. బాగానే ఉన్నాయి" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నాలో ఏదో మూల అత్తగారి లెక్క నిజమైతే బావుండునని ఉంది.

ఫోన్లో పెద్ద నవ్వు. "కోడి బాగుంటే నువ్వు బాగున్నట్టేనా? దానికి ఈకలున్నాయి, నీకున్నాయా? తల్లీ, కూర్చుని విను. మేత చెక్కల్లో మనం రెండు విషాలు వెతికేవాళ్ళం గుర్తుందా? అఫ్లటాక్సిన్, ఓక్రాటాక్సిన్. నీ చెక్కలో ఓక్రా ఉందనుకో. కోడి దాన్ని గంటల మీద వదిలించుకుంటుంది. చేపైతే ఇంకా తొందర. పందిలో రోజులు పడుతుంది. మనిషిలో వారాలు."

"వారాలా?"

"వారాలే. పేగుల్లోంచి రక్తంలోకి వస్తుంది, అక్కడుండే ప్రొటీను మీద ఎక్కి కూర్చుంటుంది. కోడి రక్తంలో దానికి సీటు సరిగా దొరకదు, దిగిపోతుంది. మన రక్తంలో రిజర్వేషన్ దొరికినట్టే. కొంచెం పిత్తంతో పేగుల్లోకి దిగినా అక్కడ మళ్ళీ ఎక్కేస్తుంది. కిడ్నీ దాకా వెళ్ళి కూడా వెనక్కొస్తుంది. కొవ్వూరు బస్సెక్కినవాడు కొవ్వూరులో దిగకుండా అదే బస్సులో రాజమండ్రి వెనక్కొచ్చినట్టు."

పాపని భుజాన వేసుకుని నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. భయం ఎంతుందో, అంతే ఆత్రంగానూ ఉంది. ఏడాదిన్నర ఆ పేర్లు రిజిస్టర్లో రాశాను. అవి ఒంట్లోకి పోయాక ఏం చేస్తాయో, ఒక్కో జంతువులో ఎలా నడుస్తాయో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"మరి గేదె?"

"గేదె గట్టిది. నెమరేసే మొదటి పొట్టలో కోట్ల సూక్ష్మజీవులుంటాయి కదా, ఓక్రాని అక్కడే చాలావరకు విరగ్గొట్టేస్తాయి. రక్తందాకా వచ్చేది కొంచెమే."

"అఫ్లా అయితేనో?"

"లెక్కంతా తిరగబడుతుంది. అది త్వరగా ఎక్కుతుంది, త్వరగా దిగుతుంది. లివరు దాని రూపం మార్చేస్తుంది. కొంత పాలలోకి వస్తుంది, నిజమే. కానీ తినడం ఆపితే కొద్ది రోజుల్లో పాలు శుభ్రపడతాయి. పశువుల్లో మూణ్ణాలుగు రోజులు. మనిషిలోనూ రోజుల లెక్కే, వారాల లెక్క కాదు."

"అయితే మేడమ్, మా చెక్కలో అఫ్లానే ఉండాలి!"

"ఈ భూమ్మీద అఫ్లా కావాలని మొక్కుకున్న మొదటి మనిషివి నువ్వే" అన్నారు మేడమ్. "అదేం మంచిది కాదమ్మా, రెండింట్లోకీ చెడ్డది అదే. ఎక్కువసేపు కూర్చోదు, అంతే దాని మంచితనం. చెక్క మొత్తం పట్టుకుని రా. దులపకు, ఎండబెట్టకు. పాలు ఆపాలా వద్దా అనేది డాక్టర్ని అడుగు. నేను మేతల మనిషిని."

మా ఆయన ఆటో మాట్లాడి పంపించి, ఆఫీసుకి వెళ్ళారు. నేను పాపనీ డబ్బానీ పట్టుకుని ఎక్కాను. ఆటో కదలబోతుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చున్నారు. చేతిలో గుడ్డ సంచి. అందులోంచి నల్లపెట్ట తల బయటపెట్టి మమ్మల్నందరినీ ఒకసారి చూసింది.

"కోడెందుకండీ?"

"ఎందుకేంటి? అందరికంటే ముందు తిన్నది ఇదే. ఆ ల్యాబు డాక్టరమ్మగారు కళ్ళారా చూస్తే గానీ నా మాట నమ్మరు."

ఆటో గోదావరి మీద వంతెన ఎక్కింది. ముసురు తెరిపిచ్చింది. నది ఎర్రగా నిండుగా ఉంది. పాప ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. నా లెక్క ఒక్కటే: రోజులా, వారాలా? నాలుగు రోజులైతే ఎలాగో గడుస్తుంది. వారాలైతే? మొన్ననే కదా పాలు పడింది, వారాలపాటు ఇవ్వకపోతే ఇంకిపోతాయి. ఇస్తే ఏమవుతుందో తెలీదు. పెట్ట మధ్య మధ్య కొక్కొక్కోమంటోంది. అత్తగారు దాని తల నిమురుతూ, "ఉండవే, వచ్చేశాం" అంటున్నారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి నవ్వాడు. సంచి చూసి నవ్వు ఆపేశాడు.

"కోడి లోపలికి రాకూడదండి. బయటి కోళ్ళ జబ్బులు మేతకి అంటుకుంటాయని రూల్సండి."

"జబ్బులేంటి? నా కోడికి జబ్బా?" అత్తగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "దాన్ని సాక్ష్యానికి తెచ్చాను!"

"సాక్ష్యమైనా ఇక్కడే ఉండాలండి."

చివరికి సంచిని వాచ్‌మన్ గదిలో కుర్చీకి కట్టారు. "కోసుకు తినేయడు కదా?" అని లోపలికి వెళ్ళేదాకా నాలుగుసార్లు వెనక్కి చూశారు అత్తగారు.

మేడమ్ ముందు పాపని చూశారు, తర్వాత డబ్బా చూశారు, అప్పుడు అత్తగారికి నమస్కారం పెట్టి కుర్చీ వేశారు. చెక్క ఒక్కచోట తీసి చూస్తే సరిపోదు. బూజు ఒక మూలుండి ఇంకో మూల లేకపోవచ్చు. అందుకని పది పన్నెండు చోట్ల ముక్కలు తీసి, మిక్సీలో పొడి చేసి, తూచి, ద్రావకం పోసి సీసా కుదపడం మొదలుపెట్టారు. పాపని ఒళ్ళో పెట్టుకుని నేను ఆవిడ చేతులే చూస్తున్నాను. ప్రతి అడుగూ నాకు తెలుసు. ఆ సీసా నేను కుదపాలని చేతులు దురదపెట్టాయి.

"మా కోళ్ళకేమీ కాలేదండి డాక్టరమ్మగారూ" అన్నారు అత్తగారు. "పెట్టని తెచ్చాను, మీ వాడు బయటే ఆపేశాడు."

"పెట్ట సాక్ష్యం చెల్లదండీ" అన్నారు మేడమ్, సీసా కుదుపుతూనే. "చెల్లే సాక్షి కావాలంటే బాతు పిల్లని తేవాలి. అఫ్లాకి బాతు పిల్ల ఇట్టే పడిపోతుంది. కోడి చాలా తట్టుకుంటుంది. అంతెందుకు, మామూలు ఎలుకని దెబ్బతీసే మోతాదుని చిట్టెలుక లెక్కచెయ్యదు. దాని లివరులో ఆ విషాన్ని కట్టిపడేసే సరంజామా ఎక్కువ. చూడ్డానికి ఒకే జాతిలా ఉంటాయి కదా?"

అత్తగారు శ్రద్ధగా విన్నారు. "అయితే ఇకనుంచి బాతుల్ని పెంచాలన్నమాట" అన్నారు.

మేడమ్ సీసా కుదపడం ఆపి నవ్వారు. ఆ పొద్దున్నుంచి నేను నవ్వడం కూడా అదే మొదటిసారి.

"బాతు బాగున్నా మీ కోడలు బాగుంటుందని కాదండీ. ఎవరి పొట్ట వాళ్ళది, ఎవరి లివరు వాళ్ళది. పైగా కొంచెం కొంచెంగా లోపలికి వెళ్ళేది రెండు రోజుల్లో తల వాల్పించదు. లోపల చేసేది లోపలే చేస్తుంది."

అత్తగారు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. నలభై ఏళ్ళు నమ్ముకున్న పద్ధతి ఒక కుర్చీలో కూర్చుని పోగొట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ వేలు చూస్తే తెలిసింది.

సీసాలో మడ్డి కిందికి దిగేదాకా ఆగాలి. అప్పుడే ఫోన్ మోగింది. డాక్టరుగారు. నేను ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను.

"పాప చురుగ్గా ఉందా? ఒంటికి పోస్తోందా?"

"ఉందండి. పోస్తోందండి. ఆకలికి ఏడుస్తోందండి."

"అయితే పాలు ఎందుకు ఆపారమ్మా? ఆపాల్సింది ఆ తిండి. మీ పాల వల్ల పాపకి జరిగే మేలు చాలా పెద్దది, అది వదులుకోవద్దు. ఇప్పుడే ఇవ్వండి. సాయంత్రం తీసుకురండి, చూస్తాను."

ల్యాబు మూల, మొక్కజొన్న శాంపిళ్ళ అలమార పక్కన కుర్చీ తిప్పుకుని కూర్చుని పాపకి పాలిచ్చాను. అది రెండు చేతులతో నన్ను పట్టుకుని గుటకలు వేస్తోంది. గుటక గుటకకీ నేను లోపల చచ్చి బతుకుతున్నాను. డాక్టరుగారు ఇవ్వమన్నారు, ఇస్తున్నాను. అయినా ఒక్కో గుటకతో ఏం వెళ్తోందో, ఇంకెన్నాళ్ళు వెళ్తుందో తెలీకుండానే ఇస్తున్నాను.

మేడమ్ రెండు చిన్న గిన్నెల్లో బొట్లు వేసి రెండు స్ట్రిప్పులు ముంచారు. ఒకటి ఓక్రాకి, ఒకటి అఫ్లాకి. వీటిలో రెండు గీతలు వస్తే విషం లేనట్టు, లేదా పట్టించుకునేంత లేనట్టు. ఒక్క గీతే వస్తే ఉన్నట్టు. ఏడాది కింద మా బాత్రూంలో ఇలాగే ఒక స్ట్రిప్ పట్టుకుని రెండో గీత కోసం చూస్తూ నిలబడ్డాను. ఆ రెండో గీతే ఇప్పుడు నా ఒళ్ళో పాలు తాగుతోంది. ఇప్పుడు ఇంకో రెండో గీత కావాలి.

"ఓక్రాది ముందు చెప్పండి మేడమ్!"

"వచ్చేదాకా ఆగవే."

మొదటి గీత వచ్చింది. అది ఎప్పుడూ వస్తుంది, స్ట్రిప్ పనిచేస్తోందని చెప్పడానికి. నేను పాపతో సహా లేచి బల్ల దగ్గరికి వచ్చేశాను. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని నా భుజం మీంచి వంగారు. గులాబీ రంగు మసక ఒకటి మెల్లిగా పోగై, గీత అయ్యింది. ముదురు గీత. మొదటిదానికి ఏమాత్రం తీసిపోని గీత.

"రెండు! రెండండీ అత్తయ్యా!" అని అరిచాను. పాప ఉలిక్కిపడి పాలు వదిలేసింది. అత్తగారికి ఏం జరిగిందో సగమే అర్థమైంది గానీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"రెండోది చూడు" అన్నారు మేడమ్.

అఫ్లా స్ట్రిప్ మీద ఒక గీత స్పష్టంగా ఉంది. రెండోది ఉందో లేదో తెలీనంత పలచగా ఉంది. మేడమ్ దాన్ని వెలుతురుకి తిప్పి, ఇటు తిప్పి, పెదవి విరిచారు. "ఉంది. ఇందులో ఉంది. నువ్వు కోరుకున్నదే దొరికింది." ఆపైన నెమ్మదిగా చెప్పారు: "గంతులెయ్యకు. ఇది మేతలకి వాడే స్ట్రిప్, మనిషి తిండికి హద్దు ఇంకా కిందుంటుంది. దీన్ని చూసి నీకేం కాలేదని నేను చెప్పలేను. ఇక తినకపోతే, ఒంట్లో ఉన్నది పాలలోంచీ మూత్రంలోంచీ పోతూ ఉంటుంది, కొద్ది రోజుల్లో పాలలో కనపడకుండా పోతుందని మాత్రం చెప్పగలను."

రోజులు. ఆ మాట చాలు నాకు. వారాలు కాదు, రోజులు! ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. నా ఒంట్లో ఎక్కడో లివరు ఈ క్షణంలోనే ఆ విషాన్ని పట్టుకుని, రూపం మార్చి, తలుపు చూపిస్తోందన్న ఊహకి ఒళ్ళు జలదరించింది. చదువుకునే రోజుల్లో లివరు బొమ్మ గీసి రంగులు వేశాను. అది నాకోసం పనిచేస్తోందని ఎప్పుడూ అనుకోలేదు.

అప్పుడు అత్తగారు అడిగారు: "మరి గేదె పాలు?"

మేడమ్ ఆవిడ వంక మెచ్చుకోలుగా చూశారు. "మంచి ప్రశ్న అడిగారండీ. ఓక్రా అయితే గేదె పొట్ట కాపలా కాసేది. అఫ్లాకి ఆ కాపలా సరిపోదు. కొంత పాలలోకి వచ్చేస్తుంది. ఈ విషయంలో మీ గేదే మీ కోడలూ ఒకటే."

మా గేదె పాలు మేమే కాదు, పక్కింటి మూడేళ్ళ పిల్లాడూ తాగుతాడు. పొద్దున్న కూడా వెళ్ళాయి.

తిరిగి వస్తుంటే దారిలో మా ఆయన ఫోన్ చేశారు. స్ట్రిప్పుల సంగతి చెప్పాక, ఊపిరి పీల్చుకుని, "అయితే అమ్మ కోడి?" అన్నారు.

"గేటు దగ్గర గుడ్డు పెట్టింది" అన్నాను. నిజంగానే పెట్టింది. వాచ్‌మన్ జాగ్రత్తగా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇంటికి రాగానే అత్తగారు చెప్పులు విప్పకుండా పక్కింటికి వెళ్ళారు. నేను గోడకి ఇవతల పాపని ఆడిస్తున్నాను. ఆవిడ గొంతు వినిపించింది: "నాలుగైదు రోజులు మా పాలు వద్దమ్మా. పిల్లాడికి పొయ్యకు. బూజు పట్టిన చెక్క పెట్టాను గేదెకి. నేనే పెట్టాను." తన గేదె పాలని ఎవరైనా పలచగా ఉన్నాయంటే వారం రోజులు మాట్లాడని మనిషి. ఆ చివరి మాట ఎవరూ అడగకుండానే అన్నారు. మిగిలిన చెక్కంతా పెరటి చివర లోతుగా గొయ్యి తీయించి, కోళ్ళకి అందకుండా మట్టి కప్పి, పైన రాయి పెట్టారు.

ఆ సాయంత్రం డాక్టరుగారు పాపని చూసి, బాగుందన్నారు. తూకం పెరిగింది. ఆ పెరిగినది నాకు ఇచ్చిన సంతోషంలో ఒక ముల్లు ఉంది, ఎందుకంటే అది పెరిగింది ఆ కూరతోనే. తర్వాత రోజులు ఒకటొకటిగా లెక్కపెట్టాను. పొద్దున పాలిస్తూ, "ఇవాళ రెండు", "ఇవాళ మూడు" అని పాప చెవిలో చెప్పేదాన్ని. గేదె దగ్గర్నుంచి అత్తగారి గొంతు కూడా, "ఇవాళ మూడే నీకు, ఓపిక పట్టు" అని వినిపించేది. పిండిన పాలు ఎరువు గుంటలో పోస్తూ ఆవిడ తల పక్కకి తిప్పుకునేవారు.

ఐదో రోజు ఎండ కాసింది. అత్తగారు మళ్ళీ గానుగకి వెళ్ళారు. ఈసారి చెక్కని అక్కడే ఆరబెట్టించి, కవరు లేకుండా, గుడ్డలో తెచ్చారు. వస్తూనే డాబా మీద పాత దుప్పటి పరిచి చిన్న చిన్న ముక్కలుగా పరిచారు. ఆ వాసనకి కోళ్ళు మెట్లెక్కి వచ్చాయి, అన్నిటికంటే ముందు నల్లపెట్ట. "పోవే, నిన్నెవరడిగారు?" అని దాన్ని కొంగుతో అదిలించారు.

ఒక ముక్క తీసి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎదురుగా చాప మీద కూర్చున్నారు. నేను విరిచాను. లోపల పైనలాగే నల్లగా, పొడిగా ఉంది. వాసన చూశాను. నువ్వుల వాసన, ఇంకేమీ లేదు. ఎండకి పట్టి చూశాను, ఇంకోచోట విరిచి చూశాను. కళ్ళకి కనపడనిది ఉండొచ్చని తెలుసు. మేడమ్‌కి ఒక ముక్క పంపాలని అప్పుడే అనుకున్నాను. తలెత్తితే అత్తగారు నా ముఖాన్నే కనిపెట్టుకుని చూస్తున్నారు. దొడ్లో కోళ్ళని చూసే చూపు అదే.

"వండనా?"

"ఇంకో ఎండ తగలనిచ్చి, మేడమ్‌గారికి కూడా ఒక ముక్క చూపించాకండీ, అత్తయ్యా."

"సరే. ఆ కోళ్ళకి రెండు రోజులు ఇచ్చాను, నీకివ్వనా?" అని లేచి, ఎండ జరిగిన వైపుకి దుప్పటి లాగారు.